బాణాసంచా: చట్టం గీసిన హద్దు, ధర్మం నేర్పే హద్దు

పెళ్లి కుదిరిందంటే చాలు, ఖర్చుల జాబితాలో షామియానా, బిర్యానీ, బ్యాండుమేళంతోపాటు బాణాసంచా కూడా చేరిపోతోంది. షబె బరాత్ వచ్చిందంటే మన వీధుల్లో పిల్లల చేతుల్లో కాకరపువ్వొత్తులు, సీమటపాకాయలు కనిపిస్తున్నాయి. ఇది ధనాన్ని తగలబెట్టడమేనని మన ఉలమాలు చాలాకాలంగా హెచ్చరిస్తూనే ఉన్నారు. ఆ మాట అక్షరాలా నిజం. అయితే ఈ విషయానికి మరో పార్శ్వం కూడా ఉంది. ఏ టపాసు కాల్చవచ్చు, ఏది కాల్చరాదు, ఎక్కడ, ఏ వేళలో అన్నదానికి మన దేశంలో స్పష్టమైన చట్టాలున్నాయి. వాటి సంగతి మనలో చాలామందికి తెలియదు. తెలిసినవారిలో కొందరు "అది పోలీసుల గొడవ, దీన్‌తో దానికేం సంబంధం?" అంటుంటారు. ఆ సంబంధం ఏమిటో తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

మూడు మూలసూత్రాలు

చట్టం వివరాల్లోకి వెళ్లేముందు షరీఅత్ మన ముందుంచిన మూడు సూత్రాలను గుర్తుచేసుకుందాం.

మొదటిది, ఒప్పందాన్ని నెరవేర్చడం. మాయిదా సూరా తొలి ఆయత్‌లోనే అల్లాహ్ విశ్వాసులను సంబోధించి, చేసుకున్న ఒప్పందాలకు కట్టుబడి ఉండమని ఆదేశించాడు. ఇస్రా సూరా 34వ ఆయత్‌లో వాగ్దానం గురించి రేపు ప్రశ్నించడం జరుగుతుందని హెచ్చరించాడు. ముస్లింలు తాము ఒప్పుకున్న షరతులకు కట్టుబడి ఉంటారనే భావంగల హదీసు తిర్మిజీ, అబూ దావూద్ గ్రంథాలలో ఉంది. ఒక దేశంలో పౌరులుగా ఉంటూ, దాని రోడ్లను, ఆస్పత్రులను, రక్షణను వాడుకుంటున్నామంటే, మనల్ని పాపానికి బలవంతపెట్టని దాని చట్టాలను పాటిస్తామని మాట ఇచ్చినట్లే. టపాసు కాల్చవద్దన్న చట్టం మన నమాజుకు అడ్డం రాదు, ఉపవాసానికి అడ్డం రాదు. అలాంటప్పుడు దాన్ని ఉల్లంఘించడానికి మన దగ్గర ఏ సాకూ లేదు.

రెండోది, హాని చేయకపోవడం. ఎవరికీ హాని తలపెట్టరాదు, హానికి బదులుగా హాని చేయరాదు అని దైవప్రవక్త (సఅసం) బోధించారు. ఫిఖహ్ శాస్త్రంలో ఎన్నో తీర్పులు ఈ ఒక్క పునాది మీదే నిలిచి ఉన్నాయి. ఎవరి కీడు నుండి పొరుగువాడు నిశ్చింతగా ఉండలేడో అతను నిజమైన విశ్వాసి కాడని ఆయన అల్లాహ్‌పై మూడుసార్లు ప్రమాణం చేసి మరీ చెప్పిన విషయం సహీహ్ బుఖారీలో ఉంది. ఆ పొరుగువాడు ముస్లిం అయి ఉండాలని అందులో షరతేమీ లేదు.

మూడోది, వృథా చేయకపోవడం. దుబారా చేసేవారిని అల్లాహ్ ఇస్రా సూరా 27వ ఆయత్‌లో షైతానుల సోదరులుగా పేర్కొన్నాడు. ప్రళయదినాన మనిషి పాదాలు కదలకముందే అడిగే ప్రశ్నలలో, ధనాన్ని ఎలా సంపాదించావు, దేనికి ఖర్చుచేశావు అనేవి కూడా ఉంటాయని తిర్మిజీ హదీసు తెలుపుతోంది.

ఇక చట్టం ఏమంటుందో చూద్దాం. ప్రతి నియమం వెనుక ఈ మూడు సూత్రాలలో ఏదో ఒకటి కనిపిస్తుంది.

ఏ టపాసు చట్టబద్ధం?

మన దేశంలో బాణాసంచా తయారీ, నిల్వ, అమ్మకం 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, దాని కింద చేసిన 2008 నాటి నియమావళి పరిధిలోకి వస్తాయి. నాగపూర్ కేంద్రంగా పనిచేసే 'పెసో' అనే కేంద్ర సంస్థ దీన్ని పర్యవేక్షిస్తుంది. అంటే చట్టం దృష్టిలో సీమటపాకాయ కూడా ఆటవస్తువు కాదు, పేలుడు పదార్థమే.

కొన్ని రసాయనాల విషయంలో పూర్తి నిషేధం ఉంది. పొటాషియం క్లోరేట్‌ను గంధకంతో కలిపి టపాసులు తయారుచేయడాన్ని కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. ఎందుకంటే ఆ రెండూ కలిస్తే నిప్పు తగలనక్కరలేదు, కాస్త రాపిడి, చిన్న దెబ్బ చాలు, పేలిపోతుంది. అంగట్లో చవకగా దొరికే కొన్ని చైనా టపాసులతో ఉన్న ప్రమాదం ఇదే. అలాగే ఆకుపచ్చ వెలుగు కోసం వాడే బేరియం లవణాలను సుప్రీంకోర్టు 2018లో నిషేధించింది. ఆ పొగ ఊపిరితిత్తులకు విషంతో సమానం.

శబ్దానికి కూడా హద్దు ఉంది. 1999లో వచ్చిన నియమం ప్రకారం టపాసు పేలిన చోటి నుండి నాలుగు మీటర్ల దూరంలో కొలిచినప్పుడు శబ్దం 125 డెసిబెళ్లు మించితే దాన్ని తయారుచేయరాదు, అమ్మరాదు, కాల్చరాదు. సరంగా కట్టిన టపాసులకు ఈ హద్దు ఇంకా కఠినం. కాయల సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కో కాయకు అనుమతించే శబ్దం తగ్గుతుంది. వెయ్యి కాయల సరమైతే ఒక్కో కాయకు హద్దు 110 డెసిబెళ్లకు దిగుతుంది.

2015లో ఢిల్లీకి చెందిన ముగ్గురు పసిపిల్లల పేరున, వారికి పరిశుభ్రమైన గాలి పీల్చే హక్కు ఉందంటూ సుప్రీంకోర్టులో ఒక పిటిషన్ దాఖలైంది. ఇంకా మాటలు కూడా రాని వయసు ఆ పిల్లలది. ఆ కేసులో 2018 అక్టోబర్ 23న ముఖ్యమైన తీర్పు వచ్చింది. సరాలుగా కట్టిన టపాసుల తయారీ, అమ్మకం, వాడకాన్ని కోర్టు నిషేధించింది. మన పెళ్లి ఊరేగింపుల్లో వెయ్యి వాలా, పదివేల వాలా అంటూ రోడ్డు పొడవునా పరిచేవి ఇవే. ఆన్‌లైన్‌లో టపాసులు అమ్మరాదని, లైసెన్సు ఉన్న వ్యాపారులే అమ్మాలని, దీపావళి వంటి పండుగలకు రాత్రి రెండు గంటలపాటు మాత్రమే కాల్చాలని కూడా ఆదేశించింది. కొద్ది రోజులకే కొన్ని సవరణలు చేస్తూ, రెండు గంటలు మించకుండా వేళలు మార్చుకునే వీలును తమిళనాడు వంటి రాష్ట్రాలకు ఇచ్చింది. 2021 అక్టోబర్ 29న ఇచ్చిన ఉత్తర్వులో, బాణాసంచా మొత్తాన్ని నిషేధించలేదని, ప్రమాదకరమైన వాటినే నిషేధించామని స్పష్టం చేసింది. ఒకరి వేడుక మరొకరి ఆరోగ్యాన్ని బలి తీసుకోరాదన్నది ఆ ఉత్తర్వు సారాంశం. ఈ ఆదేశాలు ఢిల్లీకే పరిమితం కావని, అన్ని రాష్ట్రాలకూ వర్తిస్తాయని 2023 నవంబర్‌లో మరోసారి చెప్పింది.

ఇక 'గ్రీన్ క్రాకర్స్' అనేవి నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన సూత్రాలతో తయారైనవి. వీటి నుండి వెలువడే ధూళికణాలు మామూలు టపాసులకంటే కనీసం 30 శాతం తక్కువ. పెట్టె మీద ముద్ర, క్యూఆర్ కోడ్ ఉంటాయి. 30 శాతం తక్కువ అంటే మిగతా 70 శాతం ఉన్నట్లేనని మాత్రం మరచిపోరాదు.

ఏ వేళలో? ఎక్కడ?

రాత్రి పది గంటల నుండి ఉదయం ఆరు గంటల వరకు శబ్దం చేసే టపాసులు కాల్చరాదని సుప్రీంకోర్టు 2005 జూలై 18న తీర్పు ఇచ్చింది. శబ్ద కాలుష్య నియమాల్లోనూ ఇప్పుడు ఈ నిషేధం ఉంది. ఆస్పత్రులు, పాఠశాలలు, న్యాయస్థానాల చుట్టూ నిశ్శబ్ద ప్రాంతాలుగా ప్రకటించిన వంద మీటర్ల పరిధిలోనూ కాల్చరాదు. మన పెళ్లి ఊరేగింపులు సాధారణంగా ఏ వేళకు బయలుదేరుతాయో అందరికీ తెలిసిందే. రాత్రి పదకొండు గంటలకు కల్యాణమండపం ముందు బాంబులు పేల్చిన ప్రతి బరాత్ చట్టాన్ని ఉల్లంఘించినట్లే.

పండుగ రోజుల్లో పెట్టే తాత్కాలిక దుకాణాలకూ నియమాలున్నాయి. షెడ్డును మండని సామగ్రితో కట్టాలి. దుకాణానికీ దుకాణానికీ మధ్య కనీసం మూడు మీటర్ల ఎడం ఉండాలి. దుకాణాలు ఎదురెదురుగా ఉండరాదు. నూనె దీపాలు, గ్యాసు దీపాలు లోపల వెలిగించరాదు. ఇక రైల్లో టపాసులు తీసుకెళ్లడం 1989 రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద నేరం, మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. "ఊళ్లో పిల్లల కోసం ఒక్క సంచే కదా" అని బెర్తు కింద దాచే వ్యక్తి ఆ డబ్బాలోని వారందరి ప్రాణాలతో ఆడుకుంటున్నాడు. 2024 జూలై నుండి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 288వ సెక్షన్ ప్రకారం పేలుడు పదార్థాలతో నిర్లక్ష్యంగా వ్యవహరించి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చిన వ్యక్తికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

రాష్ట్రానికో తీరు

దేశమంతటికీ వర్తించే ఈ హద్దులు పోగా, రాష్ట్రాలు తమ పరిస్థితినిబట్టి మరిన్ని ఆంక్షలు పెడుతుంటాయి. 2020లో కరోనా విజృంభించిన రోజులు గుర్తుచేసుకోండి. ఊపిరాడని రోగులతో ఆస్పత్రులు నిండిపోయి ఉన్నాయి. ఆ నవంబర్‌లో తెలంగాణ హైకోర్టు రాష్ట్రంలో బాణాసంచా అమ్మకాన్ని, కాల్చడాన్ని నిషేధించమని ఆదేశించింది. మరుసటి రోజే సుప్రీంకోర్టు దాన్ని సడలించి, గ్రీన్ క్రాకర్స్ మాత్రం రాత్రి 8 నుండి 10 గంటల వరకు కాల్చుకోవచ్చని చెప్పింది. ఢిల్లీలో గాలి మరీ విషమించడంతో ఏళ్ల తరబడి సంపూర్ణ నిషేధం నడిచింది. 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు అక్కడ కూడా గ్రీన్ క్రాకర్స్‌ను కొద్ది రోజులపాటు, నిర్ణీత వేళల్లో అనుమతించింది. కాబట్టి నిరుటి నియమమే ఈ ఏడు కూడా ఉంటుందని అనుకోరాదు. ఏటా జిల్లా అధికారులు, పోలీసులు ఇచ్చే ప్రకటన చూసుకోవాలి.

అమెరికాలో స్థిరపడిన మన తెలుగు సోదరులకు ఈ 'రాష్ట్రానికో తీరు' ఇంకా బాగా అనుభవమే. అక్కడ నేల మీద పేలే టపాసులో మందు 50 మిల్లీగ్రాములకు మించరాదని కేంద్ర నియమం ఉంది. దానిపైన ప్రతి రాష్ట్రం తన చట్టం తాను చేసుకుంటుంది. మసాచుసెట్స్ రాష్ట్రంలో సామాన్య పౌరులు కాకరపువ్వొత్తి కూడా వెలిగించరాదు. సరిహద్దు దాటి పక్కనున్న న్యూ హాంప్‌షైర్‌కు వెళితే ఎన్నో రకాలు దుకాణాల్లో బహిరంగంగా అమ్ముతారు. అక్కడ కొన్నది ఇక్కడికి తెస్తే మాత్రం నేరమే. కొన్నచోట అది చట్టబద్ధమే కదా అన్న వాదన చెల్లదు. మనం ఏ నేల మీద నిలబడి ఉన్నామో ఆ నేల ఒప్పందమే మనకు వర్తిస్తుంది. వీసా మీద సంతకం చేసి వెళ్లిన ముస్లింకు ఇది మరింత స్పష్టంగా అర్థం కావాలి.

దైవప్రవక్త (సఅసం) జీవితం నుండి మూడు పాఠాలు

మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు అందులోని మనుషులతో సహా కాలిపోయింది. ఆ సంగతి తెలిసినప్పుడు, నిప్పు మీకు శత్రువు, నిద్రపోయేముందు దాన్ని ఆర్పేయండని దైవప్రవక్త (సఅసం) ఆదేశించినట్లు హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఉల్లేఖించారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఈ హదీసు ఉంది. వంటకు, వెలుతురుకు అవసరమైన నిప్పు విషయంలోనే ఇంత జాగ్రత్త నేర్పిన ప్రవక్త అనుచరులం మనం. అవసరమే లేని నిప్పును పిల్లల చేతికిచ్చి చూస్తూ ఆనందించడం మనకు ఎలా తగుతుంది?

రెండోది శబ్దం విషయం. హజ్రత్ మిఖ్దాద్ (రజి) చెప్పిన ప్రకారం దైవప్రవక్త (సఅసం) రాత్రివేళ వచ్చినప్పుడు మేలుకుని ఉన్నవారికి వినిపించేలా, నిద్రలో ఉన్నవారు లేవకుండా ఉండేలా సలాం చేసేవారు. ఇది సహీహ్ ముస్లింలో ఉంది. మరో సందర్భంలో ఆయన మస్జిదులో ఏతెకాఫ్‌లో ఉండగా కొందరు బిగ్గరగా ఖుర్ఆన్ చదువుతున్నారు. అప్పుడు ఆయన తెర తొలగించి, ప్రతి ఒక్కరూ తమ ప్రభువుతో ఏకాంతంగా మాట్లాడుకుంటున్నారని, ఒకరినొకరు ఇబ్బంది పెట్టవద్దని వారించారు. అబూ దావూద్ దీన్ని ఉల్లేఖించారు. సలాం పుణ్యకార్యం, ఖుర్ఆన్ పారాయణం ఆరాధన. వాటి శబ్దం సైతం ఇతరులకు ఇబ్బంది కాకూడదన్నప్పుడు అర్ధరాత్రి పేలే బాంబుకు చోటెక్కడ?

మూడోది భయపెట్టడం. ఒక ప్రయాణంలో కొందరు సహాబాలు నిద్రిస్తున్న తమ సహచరుని వస్తువును తమాషాకు తీశారు. అతను ఉలిక్కిపడి లేచాడు. ముస్లింను భయపెట్టడం ముస్లింకు ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (సఅసం) చెప్పారు. ఇదీ అబూ దావూద్ హదీసే. దారినపోయే ముసలాయన కాళ్ల దగ్గర సీమటపాకాయ విసిరి నవ్వుకునే కుర్రవాళ్లకు ఈ హదీసు వినిపించండి.

షబె బరాత్, బరాత్ రాత్రులు

షఅబాన్ 15వ రాత్రి ప్రాముఖ్యం గురించి పండితుల మధ్య చర్చ ఉండవచ్చు. టపాసుల విషయంలో మాత్రం భిన్నాభిప్రాయం లేదు. 1642లో మరణించిన షేఖ్ అబ్దుల్ హఖ్ ముహద్దిస్ దెహల్వీ తన 'మా సబత బిస్సున్న' గ్రంథంలో, హిందూస్థాన్ పట్టణాల్లో ఆ రాత్రి జరిగే బాణాసంచా ఆచారాన్ని తీవ్రంగా ఖండించారు. అంటే ఈ రుగ్మత నిన్న మొన్నటిది కాదు. మౌలానా అష్రఫ్ అలీ థానవీ 'ఇస్లాహుర్రుసూమ్'లో దీన్ని దురాచారాల్లో చేర్చారు. మౌలానా అహ్మద్ రజా ఖాన్ కూడా పెళ్లిళ్లలో, షబె బరాత్‌లో జరిగే ఆతిష్‌బాజీని హరామ్ అన్నారు. ఎన్నో విషయాల్లో విభేదించిన రెండు మస్లక్‌ల పెద్దలు ఈ విషయంలో ఒకే మాట మీద ఉన్నారు. ఇక మనం ఏ మస్లక్ పేరు చెప్పుకుని టపాసులు కాలుస్తాం?

పెళ్లి విషయానికి వస్తే, తక్కువ భారంతో జరిగే నికాహ్‌లోనే బర్కత్ ఎక్కువని హదీసుల భావం. బరాత్‌లో అరగంటలో కాలిపోయే డబ్బు చాలా సందర్భాల్లో అప్పు తెచ్చినదే, లేదా అమ్మాయి తండ్రి నుండి పిండినదే. ఆ శబ్దానికి పక్కింట్లో గుండెజబ్బు మనిషి లేచి కూర్చుంటాడు. ఉయ్యాలలోని బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. వారి మూలుగు అల్లాహ్ సన్నిధికి చేరుతుంది. కొత్త దంపతుల జీవితం దుఆలతో మొదలుకావాలా, పొరుగువారి శాపనార్థాలతోనా?

కొన్ని సందేహాలు

"అందరూ కాలుస్తున్నారు, పోలీసులూ పట్టించుకోవడం లేదు కదా?" పోలీసు చూడకపోయినంత మాత్రాన ఒప్పందం రద్దు కాదు. విశ్వాసి తన కాపలాదారుడు అల్లాహ్ అని నమ్మినవాడు. పట్టుబడమన్న ధీమాతో చేసే తప్పు మరీ పెద్ద తప్పు.

"గ్రీన్ క్రాకర్స్‌ను చట్టం అనుమతించింది. మరి మనకూ అనుమతేనా?" చట్టం అనుమతించినదంతా మనకు తగినదని కాదు. చట్టం కనీస హద్దును చెబుతుంది, అది దాటితే శిక్ష. షరీఅత్ అంతకంటే ముందే మనల్ని ఆపుతుంది. డబ్బు వృథా కావడం గ్రీన్ క్రాకర్‌లోనూ ఉంది, నిప్పు ప్రమాదం అందులోనూ ఉంది. చట్టం కాదన్న దానిలో మాత్రం మనకు రెండింతల నిషేధం ఉంది, చట్టం తరఫున ఒకటి, ధర్మం తరఫున ఒకటి.

"మన హిందూ సోదరులు వారి పండుగకు కాలిస్తే మనం ఏమనాలి?" ఈ పాఠం మన ఇల్లు చక్కదిద్దుకోవడానికే తప్ప ఇతరులను వేలెత్తి చూపడానికి కాదు. చట్టం పండుగ పేరు అడగదు, శబ్దాన్నీ, వేళనూ మాత్రమే చూస్తుంది. మన బరాత్‌లో పది దాటాక బాంబులు పేల్చి, పొరుగువారి పండుగ రోజున నియమాలు వల్లించే వ్యక్తి న్యాయం తప్పినవాడు. మన వల్ల వారికి ఇబ్బంది కలగకుండా చూసుకోవడం ముందు మన బాధ్యత. నిజంగా ఇబ్బంది ఎదురైతే మర్యాదగా చెప్పుకోవాలి, ప్రతీకారంగా మనమూ పేల్చడం మాత్రం తగదు.

"టపాసుల దుకాణం పెట్టుకుని నాలుగు రోజులు బతుకుదామనుకునే పేదవాని సంగతి?" ఉపాధి కష్టం మాకు తెలియనిది కాదు. కానీ లైసెన్సు లేకుండా ఇంట్లో, ఇరుకు సందులో సరుకు నిల్వచేయడం తన పిల్లలను, పొరుగువారిని నిప్పు మీద పడుకోబెట్టడమే. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలోని బాణాసంచా తయారీ కేంద్రంలో పేలుడు జరిగి ఎనిమిది మంది కూలీలు చనిపోయారు. పొట్టకూటి కోసం పనికి వెళ్లినవారే వారంతా. మనం కొనే ప్రతి పెట్టె వెనుక అలాంటి చేతులున్నాయి. చేతులారా మిమ్మల్ని మీరు నాశనంలోకి నెట్టుకోవద్దని అల్లాహ్ బఖరా సూరా 195వ ఆయత్‌లో హెచ్చరించాడు. ఇలాంటి వ్యాపారంలో ఉన్నవారు దగ్గరలోని ముఫ్తీని సంప్రదించి, హలాల్‌లో సందేహం లేని మరో మార్గం వెతుక్కోవాలి. అలాంటి వారికి చిన్నపాటి పెట్టుబడి సమకూర్చడం మహల్లా పెద్దల బాధ్యత.

ఆచరణలో పెట్టవలసినవి

1. నికాహ్ మాట్లాడుకునే రోజే, ఇచ్చిపుచ్చుకునే మాటలతోపాటు "మా పెళ్లిలో టపాసులు ఉండవు" అని రెండు కుటుంబాలవారు తేల్చుకోవాలి. తర్వాత స్నేహితుల ఒత్తిడికి లొంగరాదు.

2. షబె బరాత్‌కు ముందు వచ్చే జుమా ప్రసంగాల్లో ఖతీబులు ఈ విషయం ప్రస్తావించాలి. ధర్మంతోపాటు చట్టం కూడా వివరించాలి. రాత్రి పది గంటల నియమం సంగతి చాలామంది మొదటిసారి అక్కడే వింటారు.

3. తల్లిదండ్రులు పిల్లలకు పండుగ డబ్బు ఇచ్చేటప్పుడు దేనికి ఖర్చు చేస్తున్నారో అడగాలి. పిల్లవాడిని వారించేటప్పుడు కసరక, కాలిన గాయం ఎలా ఉంటుందో, పక్కింటి నాయనమ్మకు ఆ శబ్దం ఎంత కష్టమో అర్థమయ్యేలా చెప్పాలి.

4. ఎక్కడైనా నిప్పు అంటుకుంటే వెంటనే 101కు గానీ, 112కు గానీ ఫోన్ చేయాలి. కాలిన చోట పేస్టు, పసుపు పూయకుండా కాసేపు చల్లని నీటిధార పోసి ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

5. బరాత్‌లో టపాసులకు కేటాయించిన డబ్బును పక్కన పెట్టి, అదే వీధిలో పెళ్లి చేయలేక కుమిలిపోతున్న మరో తండ్రికి రహస్యంగా అందించాలి. ఆ డబ్బు కాలిపోదు, పరలోకంలో మన కోసం ఎదురుచూస్తుంది.

పాఠకులారా! రాత్రివేళ సలాం చేసేటప్పుడు కూడా నిద్రిస్తున్నవారిని తలచుకుని గొంతు తగ్గించిన ప్రవక్త (సఅసం) సముదాయం మనది. మన సంతోషం వల్ల ఎవరి నిద్రా చెడకూడదు, ఎవరి ఒళ్లూ కాలకూడదు. అల్లాహ్ మన వేడుకలను తన ప్రసన్నతకు లోబడి జరుపుకునే భాగ్యాన్ని ప్రసాదించుగాక! మన పిల్లలను నిప్పు నుండి, ఇహలోకంలోనూ పరలోకంలోనూ కాపాడుగాక! మన వల్ల పొరుగువారికి మేలే తప్ప కీడు కలగనీయకుండుగాక! ఆమీన్.